అడవి నేలయు తోట నేలయు: మట్టిలోని సూక్ష్మజీవుల సంగతి

వేసవి గడచి తొలకరి జల్లు పడగానే నేలనుండి కమ్మని వాసన యొకటి వచ్చును. ఆ వాసన నెరుగని రైతు మన రాష్ట్రమున నుండడు. మట్టిలో నివసించు ఆక్టినోబాక్టీరియా యను సూక్ష్మజీవులు జియోస్మిన్ అను పదార్థమును తయారుచేయును. వాన చినుకుల తాకిడికి ఆ పదార్థము గాలిలో కలియుటయే ఈ వాసనకు ముఖ్య కారణము. అనగా మన కాళ్ళ క్రింద కంటికి కానరాని జనాభా యొకటి కలదనియు, అది బ్రతికియున్నదనియు ప్రతి తొలకరియు మనకు తెలుపుచున్నది.

ఈ జనాభాను గురించి పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన అవసరమేమి? గ్రామ పరిధిలోని గుట్టపై నున్న పొదలను ఉంచవలెనా, తీసివేసి కొత్త మొక్కలు నాటవలెనా అను ప్రశ్న ఏదో యొకనాడు ప్రతి పంచాయతీ ముందునకును వచ్చును. చిల్లర పొదలను కొట్టించి, నేలను చదును చేయించి, ఒకే జాతి మొక్కలను వరుసలుగా నాటించిన ఊరు పచ్చబడునని తోచును. పైకి పచ్చబడవచ్చును. కాని నేల లోపల నేమి జరుగునో తెలిసికొని తీర్మానము చేయుట మేలు. ఆ సంగతిని వివరించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

మాదాపూరు చుట్టుపట్ల

హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపూరు నేడు దేశదేశముల కంపెనీలతో నిండిన చోటు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిన పిదప ఆ ప్రాంతపు రూపమే మారిపోయెను. అంతకు పూర్వము అది రాతిగుట్టల నడుమ నున్న పల్లె. గోల్కొండ కోటకు నీరందించినదని చెప్పబడు దుర్గం చెరువు దానికి ప్రక్కనే కలదు. ఆ గుట్టల గ్రానైటు రాయి సుమారు 250 కోట్ల ఏండ్ల నాటిది. ఆ రాయి యెండకు వానకు పగిలి పొడియై, దానిలో ఆకులలములు కుళ్ళి కలిసి, జానెడు మందపు ఎర్ర చెలక నేల యేర్పడుటకు వేల యేండ్లు పట్టినది.

అట్టి నేలపై మోదుగ, చండ్ర, వేప, రేగు, బలుసు, సీతాఫలము, తంగేడు, ఈత మున్నగునవి ఎవరును నాటకయే పెరుగును. మాదాపూరులో ఇట్టి చిట్టడవి పోయిన చోట తోటలు రాలేదు, మేడలు వచ్చినవి. ఐనను ఆ ప్రాంతము మనకొక పాఠము నేర్పుచున్నది. సమీపముననే కొత్తగూడ వద్ద గల కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెనులో రాళ్ళ నడుమ తమంతట పెరిగిన చెట్లను, మనుష్యులు నాటి పెంచిన వనములను ప్రక్కప్రక్కనే చూడవచ్చును. నగరపు రోడ్ల మధ్య కత్తిరించిన పచ్చికయు, వరుసలుగా నాటిన మొక్కలును కలవు. అన్నియు పచ్చగనే యున్నవి. కాని వాని క్రింది నేల అంతటను ఒక్కతీరుగా నుండదు.

ఈ భేదము కేవలము శాస్త్రజ్ఞుల చర్చకు సంబంధించినది కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయము ప్రక్కన నున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలో 2025 మార్చి చివర యంత్రములతో చెట్లు తొలగించుట మొదలుపెట్టగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలుపుదల చేసెను. సుమారు 100 ఎకరములలో చెట్లు పోయినట్లు కోర్టు దృష్టికి వచ్చినది. పోయిన పచ్చదనమును పునరుద్ధరించుటకు పథకము సిద్ధము చేయవలసినదని కోర్టు రాష్ట్రమునకు చెప్పెను. ఇట్టి సందర్భములలో పునరుద్ధరణ యనగా నేమి? పోయిన చెట్టుకు బదులు మొక్క నాటుటయా? లేక ఆ నేలలోని జీవమును మరల నిలుపుటయా? ఈ ప్రశ్న ఆ 400 ఎకరములకు మాత్రమే చెందినది కాదు. మన గ్రామములోని ప్రతి గుట్టకును, ప్రతి కంచకును ఇది వర్తించును.

మట్టిలో ఎవరు నివసింతురు?

ఒక గ్రాము మంచి మట్టిలో పది కోట్లనుండి నూరు కోట్ల వరకు బాక్టీరియా యుండును. అనగా చిటికెడు మట్టిలో మన రాష్ట్ర జనాభాకు మించిన జీవులు కలవు. వానితో పాటు శిలీంధ్రములు, అనగా బూజు జాతులు, సన్నని నూలుపోగుల వలె మట్టియంతట అల్లుకొనియుండును. చెంచాడు అడవి మట్టిలోని ఆ పోగులను విడదీసి చివరకు చివర కలిపిన ఎంతో పొడవగును.

గ్రామములో వృత్తులున్నట్లే ఈ జీవులకును వృత్తులు కలవు. వానిని మూడు తెగలుగా చెప్పుకొనవచ్చును.

మొదటి తెగ కుళ్ళజేయునవి. రాలిన ఆకును, విరిగిన కొమ్మను, చచ్చిన వేరును ఇవి తిని, అందులోని భాస్వరమును, పొటాషియమును, నత్రజనిని మరల చెట్టుకు అందు రూపములోనికి తెచ్చును. ఇవి లేనిచో రాలిన యాకు ఎరువు కాదు. ఎండిన చెత్తగా నిలిచిపోవును.

రెండవ తెగ గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇచ్చునవి. కంది, పెసర, వేరుసెనగ మొక్కలను పెరికినపుడు వేళ్ళపై కనబడు బుడిపెలు రైతులెరిగినవే. ఆ బుడిపెలలో నున్నది రైజోబియం జాతి బాక్టీరియా. అడవిలోని చండ్ర, తుమ్మ, మోదుగ, కానుగ, జిట్రేగి చెట్ల వేళ్ళపైనను ఇట్టి బుడిపెలు ఏర్పడును. అడవికి ఎవరును యూరియా వేయరు. వేయవలసిన పనియు లేదు.

మూడవ తెగ వేళ్ళతో పొత్తు కుదుర్చుకొను శిలీంధ్రములు. వీనికి మైకోరైజా యని శాస్త్రజ్ఞుల వాడుక. ఇవి చెట్టు వేరునుండి చక్కెర పుచ్చుకొనును. అందుకు మారుగా వేరు చొరలేని సందులలోనికి తమ పోగులను చాచి, భాస్వరమును తేమను తెచ్చి చెట్టుకు ఇచ్చును. మన పొడి అడవులలోని చెట్లలో అధికభాగము వేరు కణములలోనికి చొచ్చుకొనిపోవు శిలీంధ్రములతో ఇట్టి పొత్తు పెట్టుకొన్నవి. రాతినేలపై, సాలుకు నాలుగైదు నెలలు మాత్రమే తడియుండు చోట చెట్లు బ్రతుకగలుగుటకు ఈ పొత్తు ఒక ముఖ్య కారణము.

వీని వలన మరియొక మేలు కలదు. బాక్టీరియా విడుచు జిగురును, శిలీంధ్రముల పోగులును మట్టి రేణువులను చిన్న చిన్న కణికలుగా కూర్చును. ఆ కణికల నడుమ సందులుండును. వాన నీరు ఆ సందులలో నుండి లోనికి ఇంకును. కణికలు విచ్చిపోయిన నేలపై వాన నీరు నిలువదు. మట్టిని కోసికొనుచు వాగులోనికి పరుగెత్తును. కావున బావిలోని నీటిమట్టమునకును, కంటికి కానరాని ఈ జీవులకును సంబంధము కలదు.

అడవి తోటగా మారినప్పుడు

ఇప్పుడు ముఖ్య విషయమునకు వత్తము. సహజముగా పెరిగిన అడవిని తొలగించి, అదే నేలలో జామాయిల్, టేకు వంటి యొకే జాతి చెట్లను పెంచిన, మట్టిలోని జనాభాకు అయిదు మార్పులు కలుగును.

మొదటిది, నేలను సిద్ధము చేయుటలోనే కలుగు నష్టము. యంత్రముతో వేళ్ళు పెకలించి, కొమ్మలు రెమ్మలు తగులబెట్టి, లోతుగా దున్నినచో శిలీంధ్రముల పోగులు తెగిపోవును. నీడ పోయిన నేలపై మన ప్రాంతపు మే నెల యెండ నేరుగా పడును. పైపొర యెండి కాగిపోవును. సూక్ష్మజీవులలో అధికభాగము నివసించునది ఆ పైపొరలోనే.

రెండవది, ఆహారములో మార్పు. అడవిలో ఇరువది ముప్పది రకముల యాకులు రాలును. కొన్ని పలుచని యాకులు మొదటి వానలకే కుళ్ళును. కొన్ని మందపు టాకులు చాల కాలము నిలుచును. అందుచే సాలు పొడవున ఏదో యొక జీవికి ఏదో యొక ఆహారము దొరకును. తోటలో నొకే రకము ఆకు రాలును. జామాయిల్ ఆకులో తైలమును, వగరు పదార్థములును ఎక్కువ, నత్రజని తక్కువ. దానిని తినగల జాతులు మిగులును, తినలేనివి తగ్గిపోవును. నెల పొడవున నొకే కూర వడ్డించిన సత్రమునకు అందరును రారు గదా!

మూడవది, పొత్తుదారులలో మార్పు. జామాయిల్ ఆస్ట్రేలియా ఖండమునుండి వచ్చిన చెట్టు. దాని వేళ్ళు మన చెట్లతో పొత్తుండు శిలీంధ్రములతో కొంతవరకు కలిసినను, వేరు వెలుపల తొడుగు వలె పేరుకొను మరియొక తెగతో కూడ పొత్తు పెట్టుకొనును. ఆ చెట్టే నేలయంతట నిండినప్పుడు నేలలోని శిలీంధ్రముల కూర్పు దానికి తగినట్లు మారును. నత్రజనిని పట్టు బుడిపెలు జామాయిలుకు గాని టేకుకు గాని లేవు. చండ్ర, మోదుగ పోయినప్పుడు వాని వేళ్ళ బుడిపెలలో నుండిన బాక్టీరియాకు ఇల్లు పోయినట్లే.

నాలుగవది, మాటిమాటికి కోత. పొలములలో పెంచు జామాయిలును సుమారు నాలుగేండ్లకు నరుకుదురు. కలప లారీలలో పోవునప్పుడు దానితో నేలలోని పోషకములును పోవును. అడవిలో చెట్టు కూలిన అక్కడనే కుళ్ళి నేలలో కలియును. తోటలో ఆ చక్రము తెగిపోవుచున్నది.

అయిదవది, నేల కప్పు పోవుట. తోటను శుభ్రముగా నుంచవలెనని క్రింది గడ్డిని, పొదలను తీసివేయుదురు, ఆకులను తగులబెట్టుదురు. టేకు ఆకు వెడల్పైనది. దానిపై చేరిన వాన నీరు పెద్ద బొట్లుగా క్రిందికి పడును. క్రింద గడ్డియు ఆకులును లేనిచో ఆ బొట్లు నేలను కొట్టి పైమట్టిని కదలించును. పైమట్టి పోయిన దానిలోని జీవులును పోవును.

లెక్కలు ఏమి చెప్పుచున్నవి?

ఈ విషయమున లోకములోని పెక్కు దేశములలో పరిశోధనలు జరిగినవి. 2010లో శాస్త్రజ్ఞులు 86 పరిశోధనల ఫలితములను ఒక్కచోట చేర్చి, నాటిన తోటలను సహజమైన అడవులతో పోల్చి చూచిరి. తోట నేలలలో సన్నని వేళ్ళ రాశి 66 శాతమును, సూక్ష్మజీవుల దేహములలోని కర్బనము 29 శాతమును తక్కువగా నున్నట్లు తేలెను. సూక్ష్మజీవుల దేహములలోని కర్బనమనగా ఆ జనాభా మొత్తపు బరువునకు కొలత. సగటున చూచిన, ఆ జనాభాలో మూడవ వంతునకు దగ్గరగా తగ్గినదని అర్థము.

అంతకు ముందు 2002లో 74 పరిశోధనలను పరిశీలించిన మరియొక పోలికలో నేలలోని కర్బనపు నిల్వను లెక్కించిరి. అడవిని తీసి తోట వేసిన చోట కర్బనము సగటున 13 శాతము తగ్గెను. అడవిని తీసి పైరు వేసిన చోట 42 శాతము తగ్గెను. కాని పైరు వేయుచుండిన నేలలో తోట పెంచిన చోట 18 శాతము పెరిగెను. పైరు నేలలో అడవిని తనంతట పెరుగనిచ్చిన చోట 53 శాతము పెరిగెను. ఈ నాలుగు అంకెలను పంచాయతీ సభ్యులు జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక.

అన్ని తోటలును ఒక్కతీరు కావని కూడ చెప్పుట న్యాయము. ఆ 2002 నాటి పోలికలోనే పైన్ చెట్ల తోటలలో కర్బనము 12 నుండి 15 శాతము వరకు తగ్గగా, వెడల్పాకు చెట్ల తోటలలో చెప్పుకొనదగిన తగ్గుదల కనబడలేదు. కావున తోట యనగానే నేల పాడగునని చెప్పరాదు. కర్బనపు నిల్వ అంతగా మారకున్నను జీవుల కూర్పు మారవచ్చును.

జీవుల రకములు తగ్గుటయే నష్టమనియు అనుకొనరాదు. బ్రెజిల్ దేశపు అమెజాన్ అడవిని తీసి పచ్చికబయళ్ళు చేసిన చోట జరిపిన పరిశోధన యొకటి 2013లో వెలువడెను. ఏ యొక్క చోట చూచినను బాక్టీరియా రకములు తగ్గలేదు, పైగా పెరిగినవి. కాని ఒక చోటికిని మరియొక చోటికిని మధ్య నుండిన భేదము చెరిగిపోయెను. అడవిలో పది చోట్ల పది తీరుల జనాభా యుండగా, పచ్చికలో పది చోట్లను ఒకే తీరు జనాభా నిలిచెను. అక్కడిది తోట కాదు, పచ్చిక. ఐనను నేలను ఒకే విధముగా మార్చినచో జీవులును ఒకే విధముగా మారునను నీతి మనకును పనికివచ్చును. కరవు, తెగులు, వరద వచ్చినపుడు పలు విధముల జనాభా గల నేలలో ఏదో యొకటి తట్టుకొని నిలుచును. ఒకే విధమైన నేలకు ఆ ధీమా తక్కువ.

మన రాష్ట్రములలో తోటల చరిత్ర

జామాయిల్ మన దేశమునకు కొత్తది కాదు. సుమారు 1790లో టిప్పు సుల్తాను కాలమున మైసూరు రాజ్యములోని నంది కొండలలో దానిని నాటిరని చెప్పుదురు. స్వాతంత్ర్యానంతరము కాగితపు మిల్లులకు, గనులకు, వంటచెరకునకు కలప కావలసివచ్చెను. 1972లో జాతీయ వ్యవసాయ సంఘము తన మధ్యంతర నివేదికలో మనుష్యులు నాటి పెంచు అడవులను విస్తరింపవలెననియు, అందుకై సంస్థలను స్థాపింపవలెననియు సూచించెను. 1975లో ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థ యేర్పడెను. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత తెలంగాణకు వేరొక సంస్థ వచ్చెను. ఖమ్మము, కొత్తగూడెము ప్రాంతములలో జామాయిల్, వెదురు తోటలు విరివిగా పెరిగినవి. దేశమున పెక్కు చోట్ల విలువ తక్కువదని యెంచిన కలగలుపు అడవిని తీసి, విలువ యెక్కువని తోచిన యొకే జాతిని నాటు పద్ధతి ఆ దినములలో సాగెను. విలువ యనగా అప్పుడు లెక్కించినది కలపను మాత్రమే. నేల లోపలి విలువను ఎవరును లెక్కించలేదు.

తరువాత ఆలోచన మారెను. 1988 నాటి జాతీయ అటవీ విధానము సహజమైన అడవులను పరిశ్రమలకు తోటలు వేసికొనుటకై ఇయ్యరాదని స్పష్టముగా చెప్పెను. పరిశ్రమలు తమకు కావలసిన కలపను రైతులతో కలిసి పెంచుకొనవలెనని సూచించెను. పొరుగున నున్న కర్ణాటక రాష్ట్రము 2017లో కొత్తగా జామాయిల్ నాటుటను నిషేధించెను. ముఖ్యముగా భూగర్భ జలము తగ్గుచున్నదను భయమే దానికి కారణము.

తోట వలన మేలు లేదా?

కలదు. దానిని కాదనుట మా యుద్దేశము కాదు. కోస్తా ఇసుక నేలలలో సరుగుడు తోటలు గాలిని ఆపి, పేదలకు వంటచెరకునిచ్చి, రైతులకు ఆదాయము తెచ్చినవి. సరుగుడు వేళ్ళలో ఫ్రాంకియా యను సూక్ష్మజీవి నివసించి గాలిలోని నత్రజనిని పట్టును. సుబాబుల్ వేళ్ళలో రైజోబియం అదే పని చేయును. ఏండ్ల తరబడి దున్ని, ఎరువు చాలక, మట్టి కొట్టుకొనిపోయి బీడుపడిన నేలలో తోట వేసినచో నీడయు, ఆకును, వేరును వచ్చి నేల కొంత కోలుకొనును. పైన చెప్పిన 18 శాతము పెరుగుదలకు అర్థమిదియే.

కావున మేము చెప్పదలచినది ఒక్కమాట. తోట బీడునకు మందు. అడవికి బదులు కాదు. బీడుపై తోట వేసిన నేల కొంత లాభము పొందును. అడవిని తీసి తోట వేసిన ఉన్న లాభము పోవును. రెండును మొక్కలు నాటుటయే. లెక్కలో రెండును పచ్చదనమే. కాని నేల వాని నొక్కటిగా చూడదు. పైన పటారము, లోన లొటారము అను సామెత అడవిని తీసి వేసిన తోటకు చక్కగా వర్తించును.

పోయినది తిరిగి వచ్చునా?

వచ్చును; కాని కాలము పట్టును. చెట్టు నాటిన ఐదారేండ్లకు నీడనిచ్చును. నేలలోని జీవుల కూర్పు పాత అడవి తీరునకు వచ్చుటకు దశాబ్దములు పట్టవచ్చును. పాత అడవి యెంత దగ్గరగా నున్న అంత త్వరగా వచ్చును. గాలి, వాన, చీమలు, పక్షులు, పశువుల గిట్టలు ఆ చోటినుండి ఈ చోటికి జీవులను తెచ్చును. అందుచే ఊరిలో మిగిలిన చిన్న చిట్టడవి తుకుడా యైనను విత్తన భాండము వంటిది. అది పోయినచో విత్తనపు గింజలు కూడ వండుకొని తినినట్లగును.

మన పొడి అడవులకు మరియొక గుణము కలదు. మోదుగ, చండ్ర, తునికి వంటి చెట్లు నరికినను మోడునుండియు వేళ్ళనుండియు మరల చిగుర్చును. వేరు బ్రతికియున్నంత కాలము దాని పొత్తుదారులును బ్రతికియుండును. యంత్రముతో వేళ్ళను పెకలించినపుడు మాత్రము ఆ యాశయు పోవును. కావున నరికిన చోటనైనను నిప్పును, మేకలను, యంత్రములను రానీయక కాపాడుట కొత్త మొక్కలు నాటుటకన్న చవుక, మేలు.

పంచాయతీలు చేయదగిన పనులు

2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామ పంచాయతీకిని నర్సరీ నుండవలెననియు, నాటిన మొక్కలలో 85 శాతము బ్రతుకవలెననియు నియమము పెట్టెను. మొక్క బ్రతుకవలెనన్న దాని క్రింది నేల బ్రతికియుండవలెను. ఈ పనిలో సభ్యులు గమనింపదగిన సంగతులు కొన్ని చెప్పెదము.

ఒకటి: నాటుటకు పూర్వము నేలను చూడుడు. అక్కడ తమంతట పెరిగిన చెట్లు, పొదలు, మోడులు ఉన్నచో ఆ చోటును తీసివేయరాదు. మొక్కలు నాటుటకు బీడును, చెరువు కట్టను, బాట ప్రక్కను, పాఠశాల ఆవరణమును ఎంచుకొనుడు.

రెండు: నర్సరీలో నొకే జాతిని పెంచక, మీ గుట్టపై సహజముగా పెరుగు పది పదునైదు జాతుల విత్తనములు సేకరింపుడు. అందులో మూడు నాలుగైనను కానుగ, మోదుగ, చండ్ర వంటి నత్రజనిని పట్టునవి యుండవలెను.

మూడు: గ్రామదేవత తోపులోనో, ఊరిలోని పాత చెట్ల మొదటనో రాలిన యాకుల క్రింది మట్టిని గంపెడు తెచ్చి, నర్సరీ సంచులలో నింపు మట్టిలో కొంచెము కొంచెముగా కలుపుడు. తెగులు పట్టిన చెట్టు మొదటినుండి మాత్రము తేరాదు. ఆ మట్టిలోని శిలీంధ్రములు లేత వేళ్ళను పట్టుకొనును. నాటిన పిదప అట్టి మొక్క యెండకు తట్టుకొను అవకాశము హెచ్చు. అటవీ శాఖవారి భూమినుండి మట్టి తేవలెనన్న వారి అనుమతి పొందవలెను.

నాలుగు: రాలిన యాకులను తగులబెట్టనీయకుడు. ఇప్పపువ్వు ఏరుటకును, తునికాకు చిగురించుటకును నేలకు నిప్పు పెట్టు అలవాటు కొన్ని చోట్ల కలదు. ఏటేట పెట్టు ఆ నిప్పు పైపొరలోని జీవులను, వాని ఆహారమును హరించును. పువ్వు ఏరుకొనుటకు చెట్టు మొదట ఊడ్చి శుభ్రము చేసికొనిన చాలును.

ఐదు: భూసార పరీక్షాపత్రమును చదువుడు. 2015లో ప్రారంభమైన భూసార పత్రముల పథకమున పన్నెండు అంశములు పరీక్షింతురు. సూక్ష్మజీవుల లెక్క అందులో లేదు. కాని సేంద్రియ కర్బనపు లెక్క కలదు. అది 0.5 శాతమునకు తక్కువైన నేల బీదది; 0.75 శాతమునకు మించిన మంచిది. కర్బనమే ఆ జీవుల ఆహారము గనుక దానిని జూచి వాని స్థితిని కొంత ఊహింపవచ్చును. గుట్ట మట్టిని, తోట మట్టిని, పొలము మట్టిని వేర్వేరుగా పంపి ఫలితములను గ్రామసభలో చదివి వినిపింపుడు.

ఆరు: ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. నూరుపాళ్ళు నూలుబట్టను నాలుగు సమానమైన ముక్కలుగా చించుడు. వానలు పడిన పిదప ఒకటి చిట్టడవిలో, ఒకటి తోటలో, ఒకటి పొలములో, ఒకటి బీడులో జానెడు లోతున పాతి, గురుతు పెట్టుడు. రెండు నెలల తరువాత తీసి చూడుడు. నూలును తినునవి సూక్ష్మజీవులే. జీవమున్న నేలలో బట్ట చివికి పోగులై యుండును. జీవము తక్కువైన చోట ఇంచుమించు పాతినట్లే యుండును. పాఠశాల పిల్లలచే ఈ పని చేయించి, ఆ నాలుగు ముక్కలను పంచాయతీ కార్యాలయపు గోడకు తగిలించిన, పది ఉపన్యాసముల పని చేయును.

ఏడు: 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయందును జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండవలెను, ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును వ్రాయవలెను. అందులో చెట్లను, పక్షులను వ్రాయుటతో సరిపెట్టక, ఏ నేల యెన్నడును దున్నబడలేదో, ఏ తోపు మట్టి నల్లగా మెత్తగా నుండునో వృద్ధులనడిగి వ్రాయింపుడు. ఎవరైనను ఆ చోటును చదును చేయదలచినపుడు ఆ వ్రాత గ్రామమునకు సాక్ష్యమగును. అటవీ గ్రామములలో 2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిని కాపాడు అధికారమును గ్రామసభకు ఇచ్చియున్నది. దానిని వినియోగించుకొనుడు.

ముగింపు

1950 జూలైలో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించిననాటి నుండి మొక్క నాటుట మనకొక పండుగ అయినది. అది మంచి పండుగ. మానరాదు. కాని నాటిన మొక్కల సంఖ్యను మాత్రమే లెక్కించు అలవాటు ఆ పండుగతోపాటు మనకు పట్టుకొన్నది. ఇకమీదట రెండు లెక్కలు వ్రాయవలెను: ఈ యేడు ఎన్ని మొక్కలు నాటితిమి, ఈ యేడు ఎంత సహజపు నేలను కదలనీయక కాపాడితిమి. మొదటి లెక్కకు ఫలకములు, ఫోటోలు ఉండును. రెండవ లెక్కకు అట్టివేవియు లేవు. ఐనను రాబోవు తరముల బావులలో నీరు నిలుచునా లేదా యనునది రెండవ లెక్కపై హెచ్చుగా ఆధారపడియున్నది.

మాదాపూరు ఒకనాడు మన యూరి వంటి యూరే. నగరము పెరుగుచు పెరుగుచు రేపు మరికొన్ని గ్రామముల పొలిమేరలకు వచ్చును. అప్పుడు గుట్టమీది పొదలను చూపి, ఇవి పనికిరానివి, తీసివేసి చక్కని తోట వేయింతుమని ఎవరైనను చెప్పవచ్చును. ఆ దినమున సభ్యులు గుట్టపైకి వెళ్ళి, ఆకులను తొలగించి, పిడికెడు మట్టి తీసి వాసన చూడవలెను. తొలకరి వాసన వచ్చినచో ఆ నేల పనికిరానిది కాదని గ్రామసభలో నిలిచి చెప్పవలెను.